యల్లాప్రగడ సుబ్బారావు

ధవళేశ్వరము దాటిన పిమ్మట గోదావరి పాయలుగా చీలి సముద్రమును చేరును. తూర్పున గౌతమి, పడమట వసిష్ఠ ప్రవహించును. ఈ రెంటి నడుమ కొబ్బరితోటలతోను, వరిచేలతోను, కాలువలతోను అలరారు సీమయే కోనసీమ. అమలాపురము, రాజోలు, కొత్తపేట అందలి ముఖ్యస్థలములు. రాజోలు వైపు నుండి వసిష్ఠను దాటి పడమటికి పోయినచో నరసాపురము, ఆపైని భీమవరము కనిపించును. నదీజలము ఈ నేలను సస్యశ్యామలము చేసినది. కాని నిలిచిన నీరు దోమలను పెంచినది. దోమలు బోదకాలును తెచ్చినవి. ఆ దినములలో సంగ్రహణియు, గర్భిణీస్త్రీల రక్తహీనతయు మన దేశమున ఎందరినో బలిగొనుచుండెను. ఈ వ్యాధుల నివారణకు తోడ్పడిన మహాశాస్త్రజ్ఞుడొకడు ఈ గోదావరి నీరు త్రాగియే పెరిగెను. ఆయనయే యల్లాప్రగడ సుబ్బారావు. అంతకంటె ఆశ్చర్యకరమైన విషయము మరియొకటి కలదు. ఆయన నాయకత్వమున తయారైన ఒక పసుపుపచ్చని పొడి, తల్లి గర్భములోని శిశువునకు మెదడును వెన్నుపామును సరిగా ఏర్పడుటకు తోడ్పడునని ఆయన మరణించిన నలువదిమూడేండ్లకు లోకమునకు రుజువయ్యెను. ఆ సంగతి తెలియకయే ఆయన కన్నుమూసెను.

సుబ్బారావు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. తండ్రి జగన్నాథము, తల్లి వెంకమ్మ. వారికి ఏడుగురు సంతానము. వారిలో సుబ్బారావు నాల్గవవాడు. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగము చేయుచు, అనారోగ్యముచేత దానిని ముందుగానే విడువవలసి వచ్చెను. పెద్ద కుటుంబము, కొంచెపు రాబడి. ఇంట పేదరికము తాండవించుచుండెను. బాలుడైన సుబ్బారావునకు చదువుపై శ్రద్ధ తక్కువ, ధనము సంపాదింపవలెనను కోరిక ఎక్కువ. పదుమూడేండ్ల ప్రాయమున ఒకనాడు ఇల్లు విడిచి కాశీకి బయలుదేరెను. అచ్చటికి వచ్చు యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనికుడు కావలెనని ఆ బాలుని ఆలోచన. తల్లి సంగతి తెలిసికొని, అతనిని వెనుకకు రప్పించి, బడిలో కూర్చుండబెట్టెను. ఆ తల్లి పట్టుదలయే లేకున్నచో ఆయన జీవితము ఏ త్రోవను పోయెడిదో ఊహింపజాలము.

రాజమహేంద్రవరమున కొంతకాలము చదివెను గాని, మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమార్లు తప్పెను. ఇంతలో తండ్రి కాలధర్మము నొందెను. వెంకమ్మ ధైర్యము విడువలేదు. తన నగలమ్మి కుమారుని మద్రాసునకు పంపెను. అచ్చటి హిందూ ఉన్నత పాఠశాలలో చేరి, మూడవమారు సుబ్బారావు పరీక్షయందు కృతార్థుడయ్యెను. పిమ్మట ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివెను. ఆ కాలమున ఆయన మనస్సు వైరాగ్యమువైపు మొగ్గెను. రామకృష్ణ మఠమున చేరి సన్యసింపగోరెను. తల్లి సమ్మతింపలేదు. తల్లి అనుమతి లేనిదే చేర్చుకొనమని మఠమువారును చెప్పిరి. రోగులకు సేవచేయుటయు భగవత్సేవయే అను తలంపుతో ఆయన మద్రాసు వైద్యకళాశాలలో చేరెను.

వైద్యవిద్యకగు ఖర్చు తల్లి భరింపజాలనిది. కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు ఆదుకొని, 1919లో తమ కుమార్తె శేషగిరిని ఆయనకిచ్చి వివాహము చేసిరి. అది స్వాతంత్ర్యోద్యమము దేశమంతట వ్యాపించుచున్న సమయము. గాంధీజీ పిలుపు నందుకొని సుబ్బారావు ఖద్దరు ధరింప నారంభించెను. శస్త్రచికిత్స గదిలోనికి సైతము ఖద్దరు దుస్తులతోనే వెళ్ళెను. శస్త్రచికిత్సా శాస్త్రమును బోధించు ఆంగ్లేయాచార్యునకు ఇది నచ్చలేదు. తక్కిన విషయములలో చక్కగా వ్రాసినను, సుబ్బారావునకు పూర్తి పట్టమైన ఎం.బి.బి.ఎస్. లభింపలేదు, దానికంటె తక్కువదగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే చేతికందెను. తక్కువ పట్టము కలిగినవానికి ప్రభుత్వ వైద్యశాఖలో అవకాశములు కొరవడెను. ఆయన మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించు ఉపన్యాసకుడుగా చేరెను.

ఈ దినములలోనే ఆ కుటుంబముపై పిడుగు పడెను. అన్న పురుషోత్తమును, తమ్ముడు కృష్ణమూర్తియు కొలది దినముల తేడాలో మృతినొందిరి. వారిని బలిగొన్నది స్ప్రూ అను సంగ్రహణి వ్యాధి. ఈ వ్యాధి సోకినవారి ప్రేవులు తిన్న ఆహారమును గ్రహింపలేవు. విరేచనములు ఆగవు, రక్తము క్షీణించును, మనిషి ఎండిన కట్టెవలె అగును. నాటి పాశ్చాత్య వైద్యమున దానికి మందు లేదు. వైద్యుడై యుండియు సుబ్బారావు సోదరులను రక్షింపలేకపోయెను. ఆయనకును అదే వ్యాధి సోకెను. ఆయుర్వేద కళాశాలకు అధిపతియగు ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సచే ఆయన బ్రతికి బయటపడెను. మందు పనిచేసినది, కాని అందలి ఏ పదార్థము పనిచేసినదో ఎవరికిని తెలియదు. మూలికలలోను, ఆహారములోను దాగియున్న ఆ పదార్థములను వేరుచేసి చూడవలెనను కోరిక ఆయన మనస్సున నాటుకొనెను. దానికి తగిన శిక్షణము నాడు అమెరికాలో లభించుచుండెను.

కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థవారు సహాయము చేయుటకు అంగీకరించిరి. మామగారు కొంత ధనము సమకూర్చిరి. గర్భవతియగు భార్యను పుట్టింట విడిచి, చదువు ముగించి తిరిగి వత్తునను ఆశతో సుబ్బారావు ఓడనెక్కెను. 1922 అక్టోబరులో బోస్టను నగరము చేరెను. చేతిలో ధనము స్వల్పము. హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణదేశ వ్యాధుల శాస్త్రమును అభ్యసించుచు, రాత్రివేళల ఒక ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు శుభ్రముచేయు పనికి కుదిరెను. వైద్యపట్టము కలవాడు అట్టి పని చేయుటకు సిగ్గుపడలేదు. ఇంటి నుండి దుఃఖవార్త వచ్చెను. తాను ఒక్కమారైనను చూడని కుమారుడు శైశవముననే మరణించెను. ఆయన ఆ దుఃఖమును దిగమింగి పనిలో మునిగెను.

ఉష్ణదేశ వ్యాధుల శాస్త్రమున డిప్లొమా పొందిన పిమ్మట ఆయన హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కె అను ఆచార్యుని యొద్ద జీవరసాయన పరిశోధనమున చేరెను. రక్తమునను మూత్రమునను భాస్వరము ఎంత కలదో కొలుచుటకు నాటి పద్ధతులు కష్టతరములై యుండెను. 1925లో వారిరువురును ఒక సులభమైన పద్ధతిని ప్రకటించిరి. నీలిరంగు ఎంత చిక్కనైనచో భాస్వరము అంత యెక్కువ యని తెలియును. ఫిస్కె-సుబ్బారావు పద్ధతి యను పేరుతో అది దశాబ్దములపాటు ప్రపంచమందలి ప్రయోగశాలలలో వాడబడెను. ఈ పద్ధతితోనే వారు కండరములను పరీక్షించి 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును కనుగొనిరి. 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేట్ అను పదార్థమును వేరుచేసిరి. అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమన్ అను శాస్త్రజ్ఞుడు దానినే విడిగా కనుగొనెను. ఏ.టి.పి. యను పొట్టిపేరుతో పిలువబడు ఈ పదార్థమే జీవకణములకు శక్తినిచ్చు నాణెము. కండరము ముడుచుకొనవలెనన్నను, నాడి సందేశమును పంపవలెనన్నను ఈ నాణెమునే వెచ్చింపవలెను. మనుష్యుని బరువులో మెదడు నూటికి రెండుపాళ్ళు మాత్రమే యైనను, విశ్రాంతిగా నున్నపుడు శరీరము వెచ్చించు శక్తిలో సుమారు ఐదవవంతు దానికే కావలెను.

1930లో సుబ్బారావునకు డాక్టరు పట్టము లభించెను. ఇన్ని కార్యములు చేసినను హార్వర్డు ఆయనకు స్థిరమైన పదవి నొసగలేదు. 1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రమున పెరల్ రివర్ అను ఊరిలోని లెడర్లీ ప్రయోగశాలలకు మారెను. కొలదికాలములోనే అచ్చటి పరిశోధనలకు నాయకుడయ్యెను. పలువురు రసాయనజ్ఞులను, జీవశాస్త్రజ్ఞులను, వైద్యులను ఒకచోట చేర్చి, ఒకే లక్ష్యమునకై పనిచేయించుట ఆయన పద్ధతి. సోదరుల ప్రాణములు తీసిన సంగ్రహణిని ఆయన మరువలేదు. కాలేయమున రక్తహీనతను పోగొట్టు ఏదో పదార్థము కలదని అప్పటికి వైద్యులకు తెలియును. దానిని పట్టుకొనవలెనని ఆయన హార్వర్డులో నున్నప్పటినుండియు ప్రయత్నించుచునే యుండెను.

ఈ పదార్థపు జాడ మొదట భారతదేశముననే తెలిసినది. లూసీ విల్స్ అను ఆంగ్లేయ వైద్యురాలు 1928వ సంవత్సరమున బొంబాయికి వచ్చి, బట్టలమిల్లులలో పనిచేయు పేద గర్భిణీస్త్రీల రక్తహీనతను పరిశీలించెను. మంచి ఆహారము లేనివారికే ఈ వ్యాధి ఎక్కువగా వచ్చుచుండెను. ఈస్టు అను సూక్ష్మజీవుల సారమును తినిపించినచో వారు కోలుకొనుచుండిరి. 1931లో ఆమె ఈ సంగతిని ప్రకటించెను. అందలి పదార్థ మేదో ఆమెకును తెలియదు. 1941లో టెక్సాసు విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరనుండి కొంచెపు పదార్థమును వేరుచేసి, ఆకునుండి వచ్చినది గనుక లాటిను భాషలో ఆకు అను అర్థము గల మాటను బట్టి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టిరి. టన్నులకొలది ఆకునుండి చిటికెడు మందు వచ్చినచో రోగుల కెట్లు సరిపోవును? దానిని రసాయనశాలలో తయారుచేయు విధము తెలియవలెను. ఆ పనిని సుబ్బారావు బృందము సాధించెను. కాలేయమునుండియు, సూక్ష్మజీవులనుండియు ఆ పదార్థమును శుద్ధముగా వేరుచేసి, దాని నిర్మాణమును విడదీసి తెలిసికొని, 1945లో కృత్రిమముగా తయారుచేసిరి. ఆ వార్తను తెలుపు వ్యాసమున 16 మంది పేర్లు కలవు. వాటి నడుమ సుబ్బారావు పేరు ఒకటి. తాను నాయకుడైనను తన పేరును ముందు పెట్టుకొనలేదు.

ఫోలిక్ ఆమ్లము సంగ్రహణి రోగులకును, రక్తహీనతగల గర్భిణులకును ఈయబడెను. మంచము పట్టినవారు లేచి తిరుగసాగిరి. సోదరులు పోయిన ఇరువదియేండ్లకు పైగా గడచిన పిమ్మట, వారిని రక్షింపగల మందు ఆ అన్నదమ్ముని చేతులమీదుగానే వెలువడెను.

ఆ ఆమ్లము చేయు పని యేమి? మన శరీరము కోటానుకోట్ల జీవకణములతో కట్టబడినది. ఒక కణము రెండగుటకు ముందు అందలి వంశలక్షణములను మోయు పదార్థము రెండింతలు కావలెను. దానికి కావలసిన భాగములను తయారుచేయుటకు ఫోలిక్ ఆమ్లము అవసరము. అది కొరవడినచో త్వరగా విభజించు కణములు ముందుగా దెబ్బతినును. రక్తకణములు పుట్టు ఎముకమజ్జయందు అట్టి కణములు కలవు. కనుకనే రక్తహీనత కలుగును.

ఈ సూత్రమును తలక్రిందులు చేసి మరియొక మందును సాధించిరి. రక్తపు క్యాన్సరులో తెల్లకణములు అదుపు లేక పెరుగును. బోస్టనులోని సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు, ఫోలిక్ ఆమ్లమునకు విరోధియగు పదార్థము ఆ కణముల పెరుగుదలను అరికట్టునని తలచెను. సుబ్బారావు బృందము అమినోప్టెరిన్ అను అట్టి పదార్థమును తయారుచేసి యిచ్చెను. 1947 చివరనుండి ఫార్బర్ దానిని రక్తపు క్యాన్సరుగల బాలబాలికలకు ఈయ మొదలిడెను. కొందరికి కొంతకాలము ఉపశమనము కలిగెను. అప్పటివరకు ఆ వ్యాధికి మందే లేదు. అదే కుటుంబమునకు చెందిన మెథోట్రెక్సేటు నేటికిని వైద్యులు వాడుచున్న మందు.

గోదావరి డెల్టావాసులు మరువరాని మందు మరియొకటి కలదు. 1947లో లెడర్లీ ప్రయోగశాలలనుండి హెట్రజాన్ అను ఔషధము వెలువడెను. దోమకాటుచే శరీరమున ప్రవేశించి బోదకాలును కలిగించు సూక్ష్మమైన పురుగులను అది నశింపజేయును. డైఇథైల్‌కార్బమజీన్ అను పేరుగల ఆ మందునే తరువాతికాలమున మన దేశమున బోదకాలు నివారణ పథకములందు ఊరూర పంచిరి. భీమవరమున పుట్టి, బోదకాలుతో బాధపడు మనుష్యులను బాల్యమునుండి చూచినవాడు పరదేశమున కూర్చుండి దానికి మందు కనుగొనుట ఎంత సముచితము! బెంజమిన్ డగ్గర్ అను వృద్ధశాస్త్రజ్ఞుని తన ప్రయోగశాలకు పిలిపించుకొని, మట్టిలోని సూక్ష్మజీవులనుండి ఆరియోమైసిన్ అను ఔషధమును కనుగొనుటకు ప్రోత్సహించినవాడును ఆయనయే. అది 1948లో వెలువడెను.

అదే సంవత్సరము ఆగస్టు నెలలో ఒకరాత్రి సుబ్బారావు న్యూయార్కు ప్రాంతమున తన నివాసమున నిద్రలోనే గుండె ఆగి మరణించెను. ఆయన వయస్సు ఏబదిమూడేండ్లు. స్వదేశము స్వతంత్రమై ఏడాది మాత్రమే గడచినది. తిరిగి వత్తునని వెళ్ళినవాడు ఇరువదియాఱేండ్లలో ఒక్కమారైనను రాలేదు. శేషగిరమ్మ నిరీక్షణము నిష్ఫలమయ్యెను. తల్లిని, భార్యను, పుట్టిన నేలను తిరిగి చూడకయే ఆయన పోయెను. విజ్ఞానమున కాయన చెల్లించిన మూల్యము అది. ఆ మూల్యములో సగము ఆయన ఇంటివారు చెల్లించిరి.

ఇప్పుడు మెదడు నిర్మాణమున ఫోలిక్ ఆమ్లమునకు గల సంబంధమును తెలిసికొందము. కోనసీమ బాలురు కొబ్బరాకును చుట్టి బూర చేయుట మీరెరుగుదురు. తల్లి గర్భమున శిశువు మెదడు కూడ ఇంచుమించు అట్లే ఆరంభమగును. మూడవవారమున పిండము వీపువైపు కణములతో నిండిన ఒక పలుచని పలక ఏర్పడును. దాని ఇరుప్రక్కల అంచులు పైకి లేచును. నడుమ గాడి పడును. అంచులు ఒకదానివైపు ఒకటి వంగి, కలిసి, గొట్టమగును. ఆ గొట్టపు పైభాగము మెదడుగను, క్రిందిభాగము వెన్నుపాముగను పెరుగును. సుమారు ఇరువదియెనిమిదవ దినమునాటికి గొట్టపు రెండు కొనలును మూసికొనవలెను. అప్పటికి తాను గర్భవతినను సంగతి పలువురు తల్లులకు తెలియనైన తెలియదు.

కొబ్బరాకు బూర విప్పుకొనకుండుటకు బాలురు ఈనెతో గ్రుచ్చుదురు. పిండమున గ్రుచ్చువారెవరు? కణముల ఉపరితలమున కొన్ని విచిత్రమైన మాంసకృత్తులు కలవు. ఒక కణపు మాంసకృత్తు ప్రక్కకణపు మాంసకృత్తును చేతిలో చేయి వేసినట్లు పట్టుకొనును. వీనిని కణములను అంటించు అణువులందురు. అమెరికాలో జెరాల్డ్ ఎడెల్మన్ 1970 తరువాతి సంవత్సరములలో నాడీకణములను అంటించు అణువును కనుగొనెను. జపానులో మసతోషి తకెయిచి కాడ్‌హెరిన్‌లు అను మరియొక జాతిని కనుగొనెను. ఇవి కాల్షియము ఉన్నప్పుడే పట్టునిచ్చును. ఒకే రకపు కాడ్‌హెరిన్ గల కణములు తమలో తాము ఎక్కువగా కలిసికొనును. మొదట పలకలోని కణములకును, చుట్టుప్రక్కల చర్మమగు కణములకును ఒకే రకము ఉండును. గొట్టము ఏర్పడునపుడు నాడీకణములు ఆ రకమును విడిచి వేరొక రకమును ధరించును. అందుచే గొట్టము చర్మమునుండి విడిపోయి లోనికి చేరును. పైని చర్మము చర్మముతో కలిసి కప్పుకొనును. తరువాత నాడీకణములు తమతమ స్థానములకు ప్రయాణించుటకును, వాని తీగెలు దూరపు కణములను చేరుటకును ఇట్టి అణువులే దారిచూపును. ఎల్ వన్ అను అట్టి అణువు జన్యులోపముచే చెడినచో మెదడులో నీరుచేరు వ్యాధి కలుగునని 1992లో తేలినది.

ఇల్లు కట్టుటకు ఇటుకలును కావలెను, సున్నమును కావలెను. అంటించు అణువులు సున్నము వంటివి. కణములు ఇటుకల వంటివి. ఆ కొలదిదినములలో కణములు మిక్కిలి వేగముగా విభజించి ఇటుకలను అందింపవలెను. విభజనమునకు ఫోలిక్ ఆమ్లము కావలెనని ముందే చెప్పుకొంటిమి. ఇటుకలు సకాలమున అందనిచో గోడలు పెరుగవు; అంచులు కలియవు. కాలువగట్టునకు గండి పడినట్లు గొట్టమున ఖాళీ మిగులును. పైకొన మూసికొననిచో మెదడు సరిగా ఏర్పడక శిశువు బ్రతుకదు. క్రింది భాగము మూసికొననిచో వెన్నుపాము బయటపడి బిడ్డ కాళ్ళకు పటుత్వము పోవచ్చును.

ఈ సత్యము ఒక్కనాట తెలియలేదు. ఫోలిక్ ఆమ్లపు విరోధియగు అమినోప్టెరిన్ గర్భస్థ శిశువులకు హాని చేయునని 1952లో తెలియుట మొదటి సూచన. 1965లో లివర్‌పూలులోని వైద్యులు హిబ్బార్డును స్మిథెల్సును, ఇట్టి లోపములుగల బిడ్డలను కన్న తల్లులలో ఫోలిక్ ఆమ్లపు వినియోగము సరిగా లేదని గమనించిరి. అనుమానమును రుజువు చేయుటకు బ్రిటిషు వైద్యపరిశోధనా మండలి ఏడు దేశములలోని 33 వైద్యకేంద్రములలో గొప్ప పరీక్ష జరిపెను. అంతకుముందు ఇట్టి బిడ్డను కన్న స్త్రీలకే మరల గర్భము ధరించుటకు ముందునుండి మాత్రలిచ్చిరి. కొందరికి ఫోలిక్ ఆమ్లము కలదు, కొందరికి లేదు. ఫలితము తెలిసిన గర్భములు 1,195. వానిలో 27 మంది శిశువులకు లోపము కలిగెను. ఆ 27లో ఫోలిక్ ఆమ్లము తీసికొన్న తల్లుల బిడ్డలు 6, తీసికొననివారి బిడ్డలు 21. నూటికి 72 పాళ్ళు రక్షణ కలిగినట్లు తేలెను. ఫలిత మింత స్పష్టముగా నుండుటచే 1991లో పరీక్షను ముందుగానే ఆపి, లోకమునకు ప్రకటించిరి. లోపములన్నిటికిని ఇదే కారణము కాదు. కాని నివారింపదగిన కారణములలో ఇది ముఖ్యమైనది.

అప్పటినుండి గర్భము ధరింపగోరు స్త్రీలు ముందుగానే దినమునకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము తీసికొనవలెనని పలు దేశముల వైద్యులు సలహా యిచ్చుచున్నారు. గర్భము తెలిసిన పిమ్మట మొదలిడినచో గొట్టము మూసికొను దినములు గడచిపోవచ్చును. అమెరికాలో 1998 నుండి గోధుమపిండి వంటి పిండ్లలో దీనిని కలుపవలెనని నియమము వచ్చెను. మన దేశమున గర్భిణులకు ఇనుముతోపాటు ఫోలిక్ ఆమ్లపు మాత్రలిచ్చు పథకము 1970లో ఆరంభమయ్యెను. కౌమారదశలోని బాలబాలికలకు పాఠశాలలలో వారమున కొకమారు ఇచ్చు మాత్రలోను ఇనుముతో కూడ ఇదే ఆమ్లము కలదు. పాలకూర, తోటకూర వంటి ఆకుకూరలలోను, పెసలు, శనగలు, బొబ్బర్లు మున్నగు పప్పుధాన్యములలోను ప్రకృతి దీనిని ఉంచినది. ఎక్కువసేపు ఉడికించి ఆ నీటిని పారబోసినచో చాలవరకు నష్టమగును. కనుక ఆకుకూరను కొద్దినీటితో, కొద్దిసేపు వండుట మేలు.

సుబ్బారావు అమెరికా పౌరసత్వమును స్వీకరింపకయే, భారతీయుడుగనే మరణించెను. జీవించియుండగా ఆయనకు గొప్ప బహుమానములు రాలేదు. ఆయన పేరును పత్రికలు ఎరుగవు. ఆయనను స్మరించుచు శాస్త్రజ్ఞులు ఒక బూజుజాతికి సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టిరి. శతజయంతి సంవత్సరమగు 1995లో భారతప్రభుత్వము ఆయన చిత్రముతో తపాలాబిళ్ళను వెలువరించెను. ఈ గౌరవములు స్వల్పములు. అసలైన స్మారకచిహ్నములు వేరు.

పరీక్షలో రెండుమార్లు తప్పిన బాలుడు, తక్కువ పట్టముతో సరిపెట్టుకొన్న వైద్యుడు, మలమూత్రపాత్రలు కడిగిన విద్యార్థి, స్థిరోద్యోగము దొరకని శాస్త్రజ్ఞుడు, ఇందరును ఒక్కడే. ఆయన తన సోదరులను చంపిన వ్యాధికి మందు వెదకెను. దొరకిన మందు ఆయన వెదకిన వ్యాధితో ఆగలేదు. ఇంకను పేరు పెట్టని శిశువునకు, తల్లికే జాడ తెలియని మొదటి మాసమున, మెదడను గొప్ప భవనము సక్రమముగా లేచుటకు అది ఇటుకల నందించుచున్నది. నాటిన చెట్టు పండ్లను నాటినవాడే తినవలెనను నియమము లేదు. కోనసీమలో తాత నాటిన కొబ్బరిచెట్టు కాయలను మనుమలు దింపుకొందురు. శ్రద్ధతో చేసిన పని అట్లే చేసినవానిని దాటి, వాడెరుగని ఇండ్లలో ఫలించును. నేడు ఆరోగ్యవంతురాలై పుట్టి, ఏడ్చి, కాళ్ళు కొట్టుకొను ప్రతి పసిపాపలోను ఆ భీమవరపు బాలుని శ్రమలో కొంతపాలు ఉండవచ్చును.